విండోస్ 10 తర్వాత ఏ కంప్యూటర్? ఒడిశా సరిహద్దు తెలుగువారి ముందున్న లెక్కలు

క్లుప్తంగా: విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్టు ముగిసింది. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల్లోని డీటీపీ షాపులు, సేవా కేంద్రాలు, విద్యార్థులు కొత్త మెషీన్ కొనాలా, మ్యాక్, లినక్స్ లాంటి వేరే ప్లాట్‌ఫామ్‌కే మారాలా అన్న సందిగ్ధంలో ఉన్నారు. మెషీన్ ధర కంటే దానికి ముడిపడి ఉన్న ఫాంట్లు, డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాలే అసలు ఖర్చును తేలుస్తాయి. కొన్నాక సమస్య వస్తే కేసు వేసే హక్కుకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. సర్వీసుకు మాత్రం దూరం అడ్డే. బిల్లు మీద ఏం రాయించుకున్నారన్నది ఈ రెండు విషయాల్లోనూ కీలకం.

గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడికి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం కూతవేటు దూరం. రాయగడ నుంచి పార్వతీపురానికి, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి రోజూ రాకపోకలు ఉంటాయి. జయపురం వాళ్లు ఘాట్ దిగి సాలూరు మీదుగా విజయనగరం చేరుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్స్‌గా ఏర్పడినా ఇక్కడి బంధుత్వాలు, బేరసారాలు ఆ గీత దగ్గర ఆగలేదు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వాసులకు రాష్ట్ర రాజధాని భువనేశ్వర్ కంటే విశాఖపట్నమే దగ్గర. బరంపురం సంగతి వేరు, అక్కడివాళ్లకు భువనేశ్వరే దగ్గర. అందువల్ల ఈ ప్రాంతంలో చాలా కంప్యూటర్లు ఆంధ్రలో కొని ఒడిశాలో వాడేవే. వాటి మీద జరిగే పని తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ సాగుతుంది. దేశమంతటికీ ఒకేలా కనిపించే ప్లాట్‌ఫామ్ మార్పు ఇక్కడ కొంచెం వేరే రూపం తీసుకోవడానికి కారణం ఇదే.

సపోర్టు ఆగితే ఏమవుతుంది

విండోస్ 10 2015 జూలై 29న వచ్చింది. పదేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకూ అదే రోజున గడువు తీరింది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ మొరాయించలేదు. ఎప్పట్లాగే ఆన్ అయింది, ప్రింట్లు వచ్చాయి, టాలీ నడిచింది. చాలామంది ఈ గడువును పట్టించుకోకపోవడానికి కారణం అదే. అసలు ఇబ్బంది పైకి కనిపించదు. విండోస్ 11లో ఒక లోపాన్ని కంపెనీ సరిచేసినప్పుడల్లా, ఆ సవరణను పరిశీలించి పాత వెర్షన్‌లోనూ అదే లోపం ఉందేమో వెతకడం దాడి చేసేవాళ్లకు తేలికవుతుంది. పాతదానికి మందు రాదు కాబట్టి నెలలు గడిచేకొద్దీ ప్రమాదం పేరుకుపోతుంది.

దీనికి 2017 మేలో వచ్చిన వనాక్రై దాడి మంచి ఉదాహరణ. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ ఇచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు, సపోర్టు లేని పాత వెర్షన్లతో నడుస్తున్నవి దానికి చిక్కాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఫైళ్లన్నీ తాళం పడి, డబ్బు కడితేనే తెరుస్తామన్న ఎర్ర బోర్డు తెర మీద ప్రత్యక్షమయ్యేది. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాగితాలు, జనం సంతకాలు నిండిన సేవా కేంద్రం కంప్యూటర్‌కు అలాంటిది జరిగితే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు.

కొంత గడువు పొడిగింపు అయితే ఉంది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దీనికి 30 డాలర్లు కట్టవచ్చు, లేదా 1,000 రివార్డ్ పాయింట్లు వాడుకోవచ్చు, లేదా సెట్టింగులను మైక్రోసాఫ్ట్ అకౌంటుకు బ్యాకప్ చేసుకోవచ్చు. సంస్థలకు లెక్క వేరే. ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. ఈ పొడిగింపు ఆలోచించుకోవడానికి దొరికిన సమయం మాత్రమే. ఎలాగూ మార్చాల్సిన మెషీన్ మీద ఏళ్ల తరబడి డబ్బు పోయడంలో అర్థం లేదు.

కొనేముందు ఉన్నదాన్ని చూడాలి

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌లో స్థూలంగా ఎనిమిదో తరం, ఏఎండీలో రైజన్ 2000 వరుస లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. ప్రాసెసర్ పేరులోనే తరం తెలుస్తుంది. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాత 7 ఉంది కాబట్టి అది ఏడో తరం, పనికిరాదు. ఐ5-8250యూ అయితే పనికొస్తుంది. రెండింటి మధ్య ఏడాది తేడా కూడా సరిగా ఉండదు, చూడ్డానికి ల్యాప్‌టాప్‌లు కవల పిల్లల్లా ఉంటాయి.

ఇక్కడ చాలామంది తొందరపడుతున్నారు. ఎనిమిదో తరం, తొమ్మిదో తరం డెస్క్‌టాప్‌లలో టీపీఎం సౌకర్యం ఉన్నా బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే ప్రాథమిక సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండే అవకాశం ఎక్కువ. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని టైప్ చేస్తే స్థితి తెలుస్తుంది. కనపడలేదని చెప్పినా బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే దొరకవచ్చు. అంత చిన్న పని చేయకుండా కొత్త కంప్యూటర్ కొంటే ఆ ఖర్చు వృథా. అర్హత లేని మెషీన్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కుతుంది కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు ఆ దారి వల్ల ఒరిగేదేమీ లేదు.

ధరల కోణం కూడా ఉంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమొరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఆ భారం ల్యాప్‌టాప్‌ల మీదా పడింది. 16 జీబీ ర్యామ్ మెషీన్ కొనాలనుకున్నవారు 8 జీబీతో సర్దుకుంటే కొన్నేళ్లకే మళ్లీ అదే ఖర్చు ఎదురు కావచ్చు. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు ఉందా, బోర్డుకే అతికించి ఉందా అన్నది ఇదివరకటి కంటే ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న.

ఫాంటు దగ్గర ఆగిపోయే మార్పు

సరిహద్దు పట్టణాల డీటీపీ షాపులకు ఈ మార్పులో అతి పెద్ద చిక్కు అక్షరాలతోనే. ఉదాహరణకు, పర్లాకిమిడిలో అచ్చయ్యే ఒక పెళ్లి శుభలేఖ. ఒక పక్క తెలుగు, మరో పక్క ఒడియా. తెలుగు భాగం అను స్క్రిప్ట్ ఫాంటులో, ఒడియా భాగం ఆకృతి ఫాంటులో, పేజీ కూర్పు పేజ్‌మేకర్‌లో ఉంటుంది. ఆ ఫైలును కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు, డాలరు గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది.

కారణం సులువే. ఈ పాత ఫాంట్లు తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగా దాచవు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన కోడ్‌ల మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడుగుతాయి. అదే కోడ్‌కు ఆకృతిలో ఒడియా ముక్క ఉంటుంది. అంటే ఫైలులో ఉన్నది అక్షరం కాదు, ఏ బొమ్మ వేయాలో చెప్పే అంకె. ఆ ఫాంటు లేకపోతే కంప్యూటర్ ఇంగ్లీషు బొమ్మలే వేస్తుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, ఒడియాకు 0బీ00 నుంచి 0బీ7ఎఫ్ వరకు విడివిడి స్థానాలు ఉన్నాయి. అలా దాచిన పాఠం విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్ ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగుగానే, ఒడియా ఒడియాగానే ఉంటుంది.

అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. కాబట్టి పాత ఫైళ్ల మీద ఆధారపడిన షాపు మ్యాక్‌కో లినక్స్‌కో మారడమంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన డిజైన్లను పక్కన పెట్టడమే. పాతదాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే ఒత్తులు, అరసున్నలు, ఖాళీలు తారుమారవుతాయి. ప్రతి పేజీనీ మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. అనులోని మాడ్యులర్, యాపిల్ కీబోర్డు లేఅవుట్లలో చెయ్యి తిరిగిన ఆపరేటర్‌కు యూనికోడ్‌కు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటయ్యే దాకా రోజువారీ పని నెమ్మదిస్తుంది. ఇది ఏ ధరల పట్టికలోనూ కనిపించని ఖర్చు.

ఈ షాపుల వరకు ఆచరణలో నిలిచే మార్గం రెండు మెషీన్ల పద్ధతి. పాత కంప్యూటర్‌ను నెట్ నుంచి పూర్తిగా తప్పించి, పాత ఫైళ్లు తెరవడానికీ పీడీఎఫ్‌గా మార్చుకోవడానికీ మాత్రమే ఉంచాలి. కొత్త పనిని కొత్త మెషీన్ మీద యూనికోడ్‌లోనే మొదలుపెట్టాలి. ఒక జాగ్రత్త అవసరం. నెట్ తీసేసినంత మాత్రాన వైరస్ రాదని కాదు, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు కూడా దారే. వాటిని ముందు అప్‌డేట్లు ఉన్న మెషీన్‌లో స్కాన్ చేయడం మేలు.

సేవా కేంద్రాలది ఇంకో రకం బంధం. ఆధార్ వేలిముద్ర పరికరాలను నడిపే ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే వస్తుంది. జీఎస్టీ, కంపెనీల ఫైలింగుకు వాడే డిజిటల్ సంతకం టోకెన్లకు డ్రైవర్లు కావాలి. పాస్‌బుక్ ప్రింటర్లు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకూ అంతే. టాలీ ప్రైమ్ నేరుగా నడిచేది విండోస్ మీదే. ఇలాంటి చోట వేరే ప్లాట్‌ఫామ్ గురించి ఆలోచించడం అనవసరపు టెన్షన్. విండోస్ 11 ఉన్న మామూలు ఇంటెల్ లేదా ఏఎండీ మెషీన్ తీసుకోవడమే సరైనది.

విద్యార్థుల విషయంలో బ్రాంచిని బట్టి చూడాలి. గుణుపురంలోని జీఐఈటీలోనో, పర్లాకిమిడిలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయంలోనో కంప్యూటర్ సైన్స్ చదివేవారికి విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ సరిపోతాయి. మెకానికల్ వారికి సాలిడ్‌వర్క్స్, క్యాటియా లాంటివి విండోస్‌లోనే దొరుకుతాయి. బ్రాంచి తేలకముందే ల్యాప్‌టాప్ కొని ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఇంట్లో బ్రౌజర్, వీడియోలు, పిల్లల క్లాసులు తప్ప వేరే అవసరం లేనివారికి మాత్రం ఖర్చు లేని దారి ఉంది. లినక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏడో తరం మెషీన్ల మీద హాయిగా నడుస్తాయి. ఉబుంటు 24.04కు 2029 వరకు మామూలు సపోర్టు ఉంది. తెలుగు, ఒడియా కీబోర్డులను సెట్టింగుల్లో ఎంచుకుంటే చాలు. గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉచితమే. ఈ ప్రాంతంలో ఈ మార్గానికి దక్కాల్సినంత ఆదరణ దక్కడం లేదు. పాత ల్యాప్‌టాప్‌ను ఎక్స్ఛేంజ్‌లో వచ్చినంతకు వదిలేసే ముందు ఒకసారి పరీక్షించదగినది.

విండోస్ పేరుతోనే వచ్చే వేరే ప్లాట్‌ఫామ్

2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ వరుస చిప్‌లతో విండోస్ ల్యాప్‌టాప్‌లు మార్కెట్లోకి వచ్చాయి. బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది, వేడి తక్కువ, బరువు తక్కువ. షోరూమ్‌లో తెర మీద అదే విండోస్ 11, అదే స్టార్ట్ మెనూ. లోపల ఉన్నది మాత్రం ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతి ప్రాసెసర్. దీన్ని మామూలు విండోస్ మెషీన్ అనుకుని కొనేవాళ్లు తెలియకుండానే ప్లాట్‌ఫామ్ మారుతున్నారు.

ఇంటెల్ కోసం రాసిన మామూలు సాఫ్ట్‌వేర్‌ను ఈ మెషీన్‌లో ప్రిజమ్ అనే ఎమ్యులేటర్ అప్పటికప్పుడు తర్జుమా చేసి నడుపుతుంది. చాలావరకు తేడా తెలియదు. డ్రైవర్ల దగ్గర ఆ పప్పు ఉడకదు. డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరలో పనిచేసే ముక్క. దాన్ని ఎమ్యులేటర్ తర్జుమా చేయలేదు, ఆర్మ్ కోసం కంపెనీ ప్రత్యేకంగా రాసి ఇవ్వాల్సిందే. పాత ప్రింటర్, వేలిముద్ర పరికరం, సంతకం టోకెన్, కాపీ ప్రొటెక్షన్ డాంగిల్ వాడే పాత ఫాంట్ సాఫ్ట్‌వేర్ తడబడేది సరిగ్గా ఇక్కడే. ఇంట్లో వాడుకునే వారికి మంచి మెషీన్ అయినదే సేవా కేంద్రానికి నిరుపయోగం కావచ్చు. ప్రాసెసర్ పేరు చదవకుండా ఆఫర్ ధర చూసి కొనడం ఈ ఒక్క కారణానికే ప్రమాదకరం.

చవకగా దొరికే పాత మ్యాక్‌లు

సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్‌లు పెద్ద నగరాల్లో ఆకర్షణీయమైన ధరకు దొరుకుతాయి. యాపిల్ 2020 నవంబర్‌లో ఎం1తో మొదలుపెట్టి ఇంటెల్ చిప్‌లను వదిలేసింది. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ తహో ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్, అదీ కొన్ని మోడళ్లకే. కాబట్టి ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎంత చవకైనా విండోస్ 10 కంప్యూటర్ లాంటి స్థితికే చేరుకుంటోంది. ఎం1, ఆ తర్వాతి వాటిలో బూట్ క్యాంప్ లేదు, అంటే విండోస్‌ను నేరుగా పక్కన వేసుకునే వీలు లేదు. ర్యామ్ తర్వాత పెంచలేరు. అన్నిటికంటే ముఖ్యం, పాత యజమాని తన యాపిల్ అకౌంటు నుంచి మెషీన్‌ను తీసేయకపోయినా, అది ఏదైనా కంపెనీ నియంత్రణలో నమోదై ఉన్నా, రీసెట్ చేశాక తాళం పడుతుంది. డబ్బు ఇచ్చేముందు ఎదురుగానే పూర్తిగా రీసెట్ చేయించి, కొత్తగా సెటప్ అయ్యే వరకు చూడాలి.

బిల్లు మీద ఏ రాష్ట్రం ఉండాలి

విశాఖలో కొని రాయగడ తీసుకెళ్తే పన్ను రెండుసార్లు పడుతుందా అన్న అనుమానం తరచూ వినిపిస్తుంది. పడదు. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ దేశమంతా 18 శాతం. రూ. 50,000 విలువైన మెషీన్‌కు పన్ను రూ. 9,000, మొత్తం రూ. 59,000. ఆ రూ. 9,000 బిల్లులో ఏ పేరుతో కనిపిస్తుందన్నదే తేడా. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో నమోదైతే ఆ రాష్ట్రమే లెక్కలోకి వస్తుంది. ఒడిశా చిరునామా రాస్తే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది జీఎస్టీ) రూ. 9,000 అని ఉంటుంది. చిరునామా రాయకపోతే అమ్మిన చోటే లెక్క, అప్పుడు సీజీఎస్టీ (కేంద్రం వాటా) రూ. 4,500, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) రూ. 4,500 అని ఉంటుంది. ఇంటికి కొనేవాళ్లకు రెండూ ఒకటే.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపుకు మాత్రం ఇది డబ్బు వ్యవహారం. ఒడిశాలో రిజిస్టరైన షాపు విశాఖలో కొన్నప్పుడు బిల్లు మీద తన ఒడిశా జీఎస్టీ నంబరు, ఐజీఎస్టీ ఉంటే ఆ రూ. 9,000ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు. ఆంధ్ర సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడిన బిల్లుతో ఒడిశాలో క్రెడిట్ రాదు. పాతపట్నంలోని బంధువు చిరునామాతో బిల్లు వేయించుకునే అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఆర్డరు పెట్టేటప్పుడే నంబరు ఇవ్వాలి.

బిల్లులో చూడాల్సింది ఇంకొకటి, సీరియల్ నంబరు. డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో మూడు చోట్లా అది ఒకటే అయి ఉండాలి. షాపులోనే ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడటం రెండు నిమిషాల పని. డిస్‌ప్లేలో పెట్టిన మెషీనో, ముందే ఎవరో తెరిచి వాపసు ఇచ్చిన మెషీనో అయితే అక్కడ బయటపడే అవకాశం ఉంది.

వారంటీ దేశమంతా, సర్వీసు కొన్ని ఊళ్లలోనే

భారత్‌లో అధికారికంగా అమ్మిన ల్యాప్‌టాప్‌కు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది, అది ఏ రాష్ట్రంలో కొన్నా చెల్లుతుంది. ఇంటికే వచ్చి చేసే ఆన్‌సైట్ సర్వీసు మాత్రం అన్ని చోట్లకూ ఉండదు. చాలా కంపెనీలు దాన్ని పిన్‌కోడ్ ప్రకారం నిర్ణయిస్తాయి. శ్రీకాకుళం జిల్లా పిన్‌కోడ్‌లు 532తో మొదలైతే గజపతివి 761తో, కొరాపుట్‌వి 764తో, రాయగడవి 765తో మొదలవుతాయి. పాతపట్నానికి వచ్చే సర్వీసు పర్లాకిమిడికి వస్తుందని అనుకోవడానికి లేదు. ఒడిశా పిన్‌కోడ్‌తో నమోదైన ఫిర్యాదు ఒడిశాలోని కేంద్రానికి వెళితే, దగ్గర్లోని విశాఖను కాదని దూరం వెళ్లాల్సి వస్తుంది. అలాంటప్పుడు కాల్ సెంటర్‌ను ఏ కేంద్రానికి కేటాయించారో అడిగి, మార్చమని కోరవచ్చు.

అందుకే కొనేముందు బ్రాండు పేరు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ పిన్‌కోడ్‌కు మనిషి వస్తాడా, మెషీన్ మోసుకెళ్లాలా? రాయగడ నుంచి విశాఖకు రెండుసార్లు పోయిరావడమంటే రెండు రోజుల కూలీ, షాపు మూత. ఈ లెక్కలో రూ. 3,000 ఎక్కువ పెట్టి ఆన్‌సైట్ ఉన్న మోడల్ కొనడం చాలాసార్లు చవక.

అమెరికాలోని బంధువులు తెచ్చే ల్యాప్‌టాప్‌లది మరో కథ. ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వారంటీ మాత్రం బ్రాండును బట్టి మారుతుంది, కొన్నిటికి దేశం మార్పించుకోవాలి, కొన్నిటికి అసలు రాదు.

వారంటీ చూడనివి: పిడుగు, వరద, డేటా

వారంటీ అంటే తయారీ లోపానికి హామీ. కింద పడటం, నీళ్లు ఒలకడం, వోల్టేజీ హెచ్చుతగ్గులు, ప్రకృతి వైపరీత్యాలు దాని పరిధిలోకి రావు. ఈ జిల్లాల్లో మెషీన్లను చంపేవి ముఖ్యంగా ఇవే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. కరెంటు పోయి రావడం, వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగదన్నడం, వేసవి చివర పిడుగులు ఇక్కడ ఏటా ఉండేవే. సరైన ఎర్తింగ్, యూపీఎస్ లేని షాపులో వారంటీ కాగితం చాలా తక్కువ ప్రమాదాలకే పనికొస్తుంది.

షాపులు అంటగట్టే ప్లాన్లలో మూడు రకాలను వేరు చేసి చూడాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అదే తయారీ హామీని రెండో, మూడో ఏడాదికి లాగుతుంది, తుపానుకు, పిడుగుకు పనికిరాదు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కింద పడటం, నీళ్లు ఒలకడం, కొన్నిసార్లు వోల్టేజీ నష్టాన్ని చూస్తుంది. ఏడాదికి ఒకే క్లెయిమ్ లాంటి పరిమితులు, తరుగుదల కోతలు ఇందులో ఉంటాయి. మూడోది బీమా. షాపు మొత్తానికి తీసుకునే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ అగ్నిప్రమాదం, వరద, దొంగతనం లాంటివాటిని చూస్తుంది. బీమాపై వివాదం వస్తే ముందు కంపెనీకి రాసి, తర్వాత బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లే దారి ఉంది. షాపు సొంత ప్లాన్‌కు ఆ దారి లేదు. ప్లాన్ ఎవరిది, తయారీ కంపెనీదా మూడో సంస్థదా అన్నది కాగితం మీద చూడకుండా సంతకం చేయకూడదు. మూడో సంస్థదైతే దాని సర్వీసు పిన్‌కోడ్ జాబితా మళ్లీ వేరే.

డేటాకు ఏ వారంటీలోనూ హామీ లేదు. ఇందులో కొత్త మెషీన్లు పాతవాటికంటే కఠినం. విండోస్ 11 కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తరచూ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. తాళంచెవి మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. వారంటీ కింద మదర్‌బోర్డు మార్చితే రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు బాగానే ఉన్నా ఫైళ్లు అందవు. షాపులో కుర్రాడు తన అకౌంటుతో సెటప్ చేసి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, కీ అతని దగ్గరే ఉండిపోతుంది. యాపిల్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డులో భాగం, బోర్డు మారిస్తే ఫైళ్లు పోయినట్టే. బయటి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉంచుకోవడం తప్ప వేరే రక్షణ లేదు.

వివాదం వస్తే ఏ జిల్లాకు వెళ్లాలి

1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవారు వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. అంటే విశాఖలో కొన్న జయపురం వాసి విశాఖ తిరగాల్సి వచ్చేది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం దీన్ని మార్చింది. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సరిహద్దు ప్రజలకు ఈ చట్టంలో అన్నిటికంటే పనికొచ్చే అంశం ఇదే, కానీ దీని గురించి తెలిసినవారు తక్కువ. చెల్లించిన ధర రూ. 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. రూ. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు.

దానికంటే ముందు మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో కొని ఉంటే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. బిల్లు ఇవ్వకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే చెబుతోంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడమూ అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర దీన్ని రద్దు చేయలేదు.

షాపుల యజమానులకు ఒక మెలిక ఉంది. వ్యాపార అవసరానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకున్నారు కాబట్టి ఇది వ్యాపార కొనుగోలే అని అమ్మినవారు వాదించవచ్చు. క్రెడిట్‌గా వచ్చే రూ. 9,000కు మరో వైపు ఈ చిక్కు ఉంది. అయితే స్వయం ఉపాధితో జీవనం గడపడానికి కొని స్వయంగా వాడుకునేవారికి చట్టంలోనే మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి టైప్‌రైటర్. దాన్ని కొని, పరుల పనిని తానే టైప్ చేసి పొట్టపోసుకునేవాడు వినియోగదారుడే అని కోర్టు చెప్పింది. సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకున్నా ఆ హోదా పోదు. పర్లాకిమిడిలో ఒక్కడే కూర్చుని శుభలేఖలు కూర్చే డీటీపీ ఆపరేటర్‌కు ఈ ఉదాహరణ అచ్చంగా సరిపోతుంది. అతను ఫిర్యాదులో ఈ మెషీన్ తన జీవనాధారమనీ, తానే దాని మీద పనిచేస్తాననీ మొదటి పేరాల్లోనే రాయాలి. సర్వీసు సెంటర్ ఇచ్చిన ప్రతి జాబ్ షీటునూ తేదీలతో జతచేయాలి.